ఆరని సముద్రాలు

కార్న్‌వాల్ తీరంలోని మా రేవులో లవ్‌డే ట్రెంబాత్ బొమ్మ లేని ఇల్లు లేదు, ఆరిన బొమ్మ ఉన్న ఇల్లూ లేదు. పాత సొరుగుల అడుగుచెక్కల మీద, పడవలకు వేయగా మిగిలిన రంగులతో ఆవిడ సముద్రాన్ని గీస్తుంది, అడగకుండానే ఇస్తుంది. నాలుగు రోజులు పోనిచ్చి, గాలి మారిందంటూ కోటు జేబులో కుంచెతో వచ్చి, గోడమీది బొమ్మనే మళ్ళీ దిద్దుతుంది. నిలబడే టీ తాగుతుంది, సగం వదిలేస్తుంది. ఆమెను ఎవరూ గుమ్మంలో ఆపరు. బొమ్మ కింద రంగు పడకుండా పాత గుడ్డ పరచి ఉంచుతారు. "దేవుడంతటివాడే ఏడో రోజు పని చాలించి కూర్చున్నాడు, నీకేం వచ్చిందమ్మా?" అంటాడు ప్రార్థన మందిరం ఊడ్చే ముసలి జేబెజ్. "ఆయన సముద్రం ఆయనకు నచ్చింది తాతా. నాది నాకు నచ్చలేదు" అంటుంది.

లవ్‌డే పక్కింటి థిర్జా మాత్రం నిరుటి నుంచి తన బొమ్మను ముట్టనివ్వలేదు. అందులో పెద్ద అలల మధ్య ఉన్న పడవ ఆమె భర్తది. నిరుడు చలికాలంలో చేపల వేటకు వెళ్ళి అది తిరిగి రాలేదు. కొన్నాళ్ళ క్రితం ఆమే కబురు పెట్టింది. "అక్కా, పడవ జోలికి పోకు. ఆ అలలు కాస్త తగ్గించు. చూడలేకపోతున్నాను." లవ్‌డే ఆ పూటంతా అలలను అణిచింది. పడవ చుట్టూ నీరు నెమ్మదిగా పరుచుకుంది. ఇప్పటికీ ఆ ఇంటికి వస్తుంది. గాలి మారిన రోజున చెయ్యి జేబులోకి పోతుంది. అప్పుడు థిర్జా వేడి కప్పు అందిస్తుంది. లవ్‌డే కుంచెను జేబులోనే వదిలి, రెండు చేతులతో కప్పు పట్టుకుని, బొమ్మకెదురుగా కుర్చీలో కూర్చుని, టీ అడుగుదాకా తాగుతుంది.