స్కీలెక్కిన సిమెంటు బస్తా

రెండు వస్తువులు పక్కపక్కన కనబడితే చాలు, రెండూ వాడి చూసి తేడా చెప్పేదాకా భోజన్నకు ముద్ద దిగదు. ఒకే పప్పును రెండు డేగిసాల్లో పెట్టినా రెండూ నాకి చూసి, "బాషా భాయ్, ఈ దాంట్లె ఉప్పు జర సిగ్గువడ్డది" అనేవాడు. తిట్టుకుంటూ రుచి చూసేవాణ్ణి. ఆయన మాటే నిజమయ్యేది.

అబుదాబిలో అల్ ఐన్ ఊరి అవతల ఇసుక దిబ్బల్లో నీళ్ల పైపులేసే క్యాంపు మాది. జగిత్యాల నుంచి వచ్చిన భోజన్న అక్కడ కార్పెంటరు. నెల్లూరివాణ్ణి నేను, వంటవాణ్ణి. ఎనభై రెండో సంవత్సరం ఎండాకాలంలో మా పైపుల కూలీ భీమయ్య వడదెబ్బకు పనిలోనే కూలిపోయాడు. ఆసుపత్రికని తీసిన బండి ఇసుకలో దిగబడింది. తారు రోడ్డు మైలున్నర. భోజన్నతో కలిసి నలుగురు దుప్పట్లో వేసుకుని, మోకాలి లోతు ఇసుకలో రెండు గంటలు మోశారు. రోడ్డు కనబడుతుండగా భోజన్నే అన్నాడు: "దించుండ్రి. ఖలాస్."

ఆ తర్వాత చాలా రోజులు పప్పు ఎలా ఉన్నా తిని లేచిపోయాడు.

చలికాలంలో మా స్విస్ ఇంజనీరు సెలవు నుంచి వస్తూ రెండు జతల కొత్త స్కీలు తెచ్చాడు. కాళ్లకు కట్టుకుని మంచు మీద జారే పొడుగు బద్దలు. ఎలాంటి కొండైనా దిగుతాయట. ఇక్కడ మంచేది? శుక్రవారం సెలవునాడు ఇసుక దిబ్బ మీదే జారాడు. చూస్తున్న భోజన్న కళ్లు మెరిశాయి.

"సాబ్, నేను గూడ జూస్త!"

ఎర్ర జతతో ఏడుసార్లు పడ్డాడు, నీలం జతతో ఐదుసార్లు. నోట్లో ఇసుక ఉమ్మేసి తీర్పు చెప్పాడు.

"ఎర్రది చెప్పినట్టు తిరుగుతది, గని మెత్తటి ఇసుకల ముక్కు పెడ్తది. నీలిది దున్నపోతు. తిరుగుమంటె తిరగది. గని మునగది!"

నేను వచ్చీరాని ఇంగ్లీషులో చెబితే ఇంజనీరు పొట్ట పట్టుకుని నవ్వాడు.

మరుసటి శుక్రవారం నుంచి భోజన్న స్కీల మీద సిమెంటు బస్తాన్నర కట్టి లాగడం మొదలుపెట్టాడు. ఒకసారి ఎర్రవి, ఒకసారి నీలివి.

"సిమెంటుకు షికారా, అన్నా?" అని క్యాంపంతా ఎగతాళి.

చివరికి ఇంజనీరే అడిగాడు, బస్తాన్నర ఎందుకని.

"భీమయ్య గంతే బరువుండె, సాబ్" అన్నాడు భోజన్న. "ఇయ్యి ఉంటె ఇద్దరం గుంజుదుము. జల్దిన పోదుము."

ఆ మాట నేను ఇంగ్లీషులో చెప్పాను. ఇంజనీరు నీలం జత భోజన్నకే వదిలేసి వెళ్లాడు. భోజన్న వాటి మీద పలక బిగించాడు.

జూన్‌లో మా క్యాంపు కుర్రాడు, కాకినాడ అబ్బులు, ఎండకు స్పృహ తప్పి పడ్డాడు. తడి గోనె కప్పి, పలక మీద కట్టి ఇద్దరు లాగారు. నలభై నిమిషాల్లో రోడ్డు చేరారు. అబ్బులు బతికాడు.

మర్నాడు ఆసుపత్రికి పోయాం. సెలైన్ ఎక్కుతోంది. భోజన్న మంచం మీదికి వంగి మెల్లగా అడిగాడు.

"తమ్మీ, పలక మీద ఎట్లుండె?"

"చావు దాకా ఎళ్లొచ్చానండీ బాబూ! నడుం కింద మేకు గుచ్చేసింది!"

"ఏ దిక్కు? ఎడుమకా, కుడికా?"

 అబ్బులు నవ్వు ఆపుకోలేక మంచం అదిరిపోతుంటే, సెలైన్ సూది ఊడుతుందని నర్సు పరుగెత్తుకొచ్చి "యల్లా, యల్లా!" అంటూ మమ్మల్ని బయటికి తరిమింది.