ఎంక్వైరీ నాటికి నిండిన దొడ్డి

1946 ఎండాకాలం. నేను మార్కాపురం తాలూకా కచేరీలో బిళ్ళ బంట్రోతుని. అప్పటికి నాకు అక్షరాలు రావు. అవి నలభై దాటినాక పట్టుబడినాయి. రెవిన్యూ ఇన్‌స్పెక్టరు ఊళ్ల మీదికి పోతే కాగితాల పెట్టె మోసుకొని వెంట పోయేది నా పని. ఆ పనిలో నేను చూసినన్ని ఇళ్లు పెళ్లిళ్ల పేరయ్యలు కూడా చూసుండరు.

ఆ ఏడు తర్లుపాడు దగ్గర ఒక పల్లెలో గురవయ్య అనే గొర్రెల కాపరి కొడుకు ఎస్సెస్సెల్సీ పాసైనాడు. గుంటూరులో ఇంటర్ చదవాలంటే సర్కారు స్కాలర్‌షిప్పు రావాల. రాకుంటే తండ్రి వెంట కర్ర పట్టుకొని గొర్రెల వెనక పోవాల్సిందే. దానికి ముందు ఎంక్వైరీ ఉంటుంది. అంటే ఇల్లూ వాకిలీ కళ్లారా చూసి, వీళ్లకు జరుగుబాటు లేదని ఇన్‌స్పెక్టరు రాయాల.

మేం పోయేసరికి పొద్దు వాలింది. చూస్తే మట్టిగోడలు, బోదకప్పు. లోపల మాత్రం పట్టెమంచం మీద జంపఖానా, గోడవార తళతళలాడే ఇత్తడి బిందెలు, పక్కన దొడ్డి నిండా గొర్రెలు!

"ఇవన్నీ నీవేనా?" అన్నాడు ఇన్‌స్పెక్టరు, మంచం మీద కూర్చుంటా.

"మావే దొరా" అన్నాడు గురవయ్య మీసం దువ్వి.

ఇన్‌స్పెక్టరు మంచివాడే. నా చెవిలో, "ఇంత ఉన్నవాడికి లేదని ఎట్లా రాసేదయ్యా?" అని గొణిగినాడు.

నాకు మాత్రం ఒకటి అంతుపట్టలేదు. దొడ్డిలో ఒక కుంటిది తప్ప అన్నీ పాలపొదుగుల తల్లులే. పిల్ల ఒక్కటీ లేదు. గురవయ్యను ఇంటి వెనక్కి లాక్కుపోయినా.

"ఏంది మామా ఇది? వీటి పిల్లలేవి?"

"గట్టిగా అనబాక అల్లుడా. దొర ఇల్లు చూడ వస్తాడంటే ఊరంతా తలా ఒకటి ఇచ్చినారు. మా పెద్దదానికి సంబంధం చూడ వచ్చినప్పుడూ ఇట్లనే చేసినాం. మెచ్చుకొని పోయినారు."

ఆ పల్లెలో ఇల్లు చూడ వచ్చేది పెళ్లివాళ్లే. ఇన్‌స్పెక్టరు కూడా మెచ్చితేనే డబ్బిస్తాడని అనుకున్నారు పాపం.

"నీ తెలివి తెల్లారినట్టే ఉంది. ఇది లేనోళ్లకిచ్చే డబ్బు. పోయి, నాకేం లేదు దొరా అని చెప్పు."

గురవయ్య ముఖం మాడిపోయింది. "ఊరంతా నిలబడి చూస్తాంటే నేను లేనోణ్ణని నా నోటితో చెప్పాల్నా? నా వల్ల కాదు."

"అయితే నీ కొడుక్కి ఇప్పుడే కర్ర కోసి పెట్టు."

గురవయ్య గిరుక్కున తిరిగి వాకిట్లోకి నడిచినాడు. నేనూ వెంట పోయినా.

ఇంతలో దీపాల వేళయింది. ఇంటింటి నుంచీ గొర్రెపిల్లలు అరవడం మొదలుపెట్టినాయి. దొడ్డిలో తల్లులు బదులు పలికి కంపతడిక మీదికి తోసుకొచ్చినాయి. పక్కింటి ముసలమ్మ పిచ్చమ్మ వాకిట్లోకొచ్చి నడుం మీద చేతులు పెట్టుకుంది.

"ఒరే గురవా! మీ దొర కదిలేదెప్పుడురా? నా గొర్రెపిల్ల పాలకు ఏడ్చి చస్తాంది. నీ దర్జా సల్లగుండ!"

వాకిలంతా గొల్లుమంది. ఇన్‌స్పెక్టరు నవ్వలేదు. గురవయ్య వైపే చూసినాడు. గురవయ్య తలగుడ్డ తీసి చంకలో పెట్టుకున్నాడు.

"గొర్రెలు ఊరివి దొరా. నాది ఆ కుంటిదొక్కటే. నా బిడ్డ చదవాల. లేనోణ్ణని రాసుకోండి."

తడిక తీసినారు. ఏ ఇంటి తల్లి ఆ ఇంటికి పరిగెత్తింది. వాటి వెనకనే బిందెలు పోయినాయి.

"మరి ఈ మంచం?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"మునసబు గారిది దొరా."

ఆయన లేచి, జంపఖానా తానే మడిచి ఇచ్చి, రోటి మీద కూర్చొని రాసినాడు. స్కాలర్‌షిప్పు వచ్చింది. పిల్లోడు గుంటూరు రైలెక్కినాడు.

ఆ పొద్దు గురవయ్య చేసింది మోసమని నేననను. ఇంటికొచ్చినోళ్లకు ఉన్నంతలో ఘనంగా కనబడాలనేది అందరికీ ఉంటుంది. లేమి చూపించుకోవడమే ఎవరికీ చేతగాదు. ఊరి ముందర ఆ మాట చెప్పించకుండానే ఆ సాయం చేసుండొచ్చు. అప్పట్నుంచి నాతో వచ్చిన ప్రతి ఇన్‌స్పెక్టరుకూ దారిలోనే చెప్పేవాణ్ణి, అడిగేదేదో పక్కకు పిలిచి అడగండి అని. కొందరు విన్నారు. కొందరు బంట్రోతువి, నీకెందుకన్నారు. నేను మాత్రం చెప్పడం మానలేదు.