బొప్పాయి కాడలోంచి చూసే పిల్ల

మా మేడ గదిలో అద్దెకున్న పరిశోధన పిల్లకి ఒక అలవాటుండేది. బోలుగా ఏది కనబడినా కంటికి ఆనించుకుని అవతలికి చూసేది. పెన్ను గొట్టమైనా, మా పెరట్లో రాలిన బొప్పాయి కాడైనా అంతే. కార్బన్‌తో, అంటే బొగ్గు సరుకుతోనే, వెంట్రుకకంటే వేల రెట్లు సన్నటి గొట్టాలు చేసి, వాటిలో మందు పెట్టి నేరుగా కేన్సర్ గడ్డకే పంపాలని వాళ్ల ల్యాబ్‌లో చూస్తున్నారట.

అప్పటికి మా చెల్లికి రొమ్ములో గడ్డ. మందు ఎక్కించిన ప్రతిసారీ ఒళ్లంతా మంటలు, వాంతులు. ఇక ఆస్పత్రికి రానని మొండికేసింది.

"నీ గొట్టం మందు మా సెల్లికి ఎయ్యించవా అమ్మా?" అని అడిగాను.

"ఇంకా ఎలకలకే ఇస్తున్నాం పిన్నీ."

"ఎలకలపాటి సెయ్యదేటి మా సెల్లి? సరే, మందు దించేసాక ఆ గొట్టం ఏటవుద్ది? వలేసినోలు మల్లీ లాక్కుంతారు కదా. దాన్నెవులు లాగుతారు?"

ఆ పిల్ల అప్పటిదాకా కంటికి ఆనించుకున్న బొప్పాయి కాడ దించేసింది.

"అదే మాకూ సరిగ్గా తెలీట్లేదు. తెలీనిది ఆవిడకి ఎలా ఎక్కించమంటావు పిన్నీ?"

నాకు కోపమొచ్చి లోపలికెళ్లిపోయాను. మర్నాడు చెల్లిని బతిమాలి పాత మందుకే బయల్దేరదీశాను. చూస్తే, ఆ పిల్ల ల్యాబ్ మానేసి ఆటోలో మాకంటే ముందే కూర్చునుంది. సాయంత్రందాకా చెల్లి వాంతులకి బేసిన్ పట్టుకున్నది ఆ పిల్లే.