పోయే తొవ్వ, వచ్చే తొవ్వ

మొన్న మహబూబాబాద్ మార్కెట్ పక్కనుంచి వస్తుంటే ఎండుమిర్చి ఘాటు ముక్కుకు పట్టి వరసగా నాలుగు తుమ్ములు వచ్చాయి. ఆటో అతను నవ్వాడు. నాకు మాత్రం లెక్కల యాదగిరి సారు గుర్తొచ్చారు. మిర్చికీ లెక్కలకూ సంబంధమేమిటంటారా? ఉంది, చెబుతాను.

మాది నెల్లికుదురు. అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమంలో బడులు నెలల తరబడి మూతపడ్డాయి. నేనప్పుడు ఆరో తరగతి. ఆ ఏడాది జారిపోయిన లెక్కలు మళ్లీ నా చేతికి చిక్కలేదు. చివరికి పదిలో లెక్కల్లో తప్పాను. మా బాపు తిట్టలేదు, అందుకే నాకు భయమేసింది. మళ్లీ రాస్తావా, చేనుకు వస్తావా అని అడిగాడు. రాస్తానన్నాను. “గీసారి తప్పితే మల్ల అడగొద్దు బిడ్డా” అని తేల్చేశాడు. నాకా, చదువంటే ప్రాణం.

తప్పిన వాళ్లందరికీ సారు సాయంత్రాలు తన అరుగు మీద పాఠం చెప్పేవారు. ఒకరోజు ఈ లెక్క ఇచ్చారు: బండి బరువుతో గంటకు మూడు కిలోమీటర్లు పోతుంది, ఖాళీగా గంటకు ఐదు కిలోమీటర్ల చొప్పున తిరిగి వస్తుంది. పోనూ రానూ ఎనిమిది గంటలు పడితే దూరమెంత? నేను పోయే దూరం ఎక్స్ అనీ, వచ్చే దూరం వై అనీ రాసి, ముందుకు కదలక కూర్చున్నాను. రెండు అక్షరాలెందుకు, దూరం ఒక్కటే కదా అన్నారు సారు.

“ఒక్కటెట్లయితది సార్? మానుకోటకు పోయేటప్పుడు ఐదు కోసులు, వచ్చేటప్పుడు మూడే. మా బాపు ఎప్పుడూ గట్లనే అంటడు.”

మానుకోట అంటే మహబూబాబాదే, కోసంటే దాదాపు మూడు కిలోమీటర్లు. అరుగంతా గొల్లుమంది. నాకు ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చాయి. మా బాపు అబద్ధం చెప్పడని గట్టిగానే అన్నాను. సారు నవ్వలేదు. చాలాసేపు ఆ కాగితం వైపే చూసి, మీ బండి మళ్లీ ఎప్పుడు కడతారని అడిగారు.

అలా ఒక సెలవు రోజున, చీకటితోనే, సారు మా మిర్చి బస్తాల మీదికెక్కారు. నేనూ ఎక్కాను. దారిపొడవునా ఇద్దరికీ తుమ్ములే. రోడ్డు పక్కన కిలోమీటరు రాళ్లు లెక్కపెట్టే పని సారు బాపుకే అప్పజెప్పారు. పోయేటప్పుడు పదిహేను. వచ్చేటప్పుడు ఎద్దులు ఇంటి ముఖం పట్టి, అదిలించకుండానే ఉరికాయి. బాపు వేళ్లు మడుస్తూ మళ్లీ లెక్కపెట్టాడు. పదిహేనే. ఇల్లు చేరాక ఎద్దులను విప్పుతూ అన్నాడు: “ముప్పై ఏండ్ల సంది తిరుగుతున్న సారూ. తొవ్వ తగ్గలే, ఎద్దులకు ఇల్లు యాదికొచ్చింది.”

“నువ్వు చెప్పేది పట్టిన కాలం మల్లన్నా. అది నిజమే. దూరం వేరే” అన్నారు సారు.

ఆ సాయంత్రమే లెక్క చేశాను. దూరం ఒకే ఎక్స్. దాన్ని మూడుతో భాగిస్తే పోయిన కాలం, ఐదుతో భాగిస్తే వచ్చిన కాలం, రెండూ కలిపితే ఎనిమిది. ఎక్స్ పదిహేనని తేలగానే నేను ఎగిరి గంతేశాను. మా బాపు వేళ్లు మడిచి లెక్కపెట్టిన పదిహేనే కదా అది!

పరీక్షలో గట్టెక్కాను. అప్పటికి సారుకు జనగామ బదిలీ అయింది. పాసైన మాట చెప్పడానికి బాపూ నేనూ రైల్లో పోయాం. సారు సంబరపడ్డారు, చాయ్ తాగించారు. మేం లేవబోతుంటే తల వంచుకుని అన్నారు: “నీకంటె ముందు గూడ పిల్లలు గిట్లనే రెండు అక్షరాలు రాసిండ్రు బిడ్డా. అందరికి సున్నాలు పెట్టిన. ఎందుకు రాసినవని ఒక్కన్ని గూడ అడగలే. వాళ్లల్ల ఎంతమంది బడి బంద్ చేసిండ్రో.”

బాపు సారు భుజం మీద చెయ్యి వేశాడు.

తర్వాత నేను మరిపెడలో లెక్కల టీచరునయ్యాను. తప్పు చేసిన ప్రతి పిల్లనూ పిల్లవాడినీ పక్కన కూర్చోబెట్టుకుని ఎందుకట్లా రాశావని అడిగేదాన్ని. చాలామంది బిక్కమొహం వేసేవాళ్లు, కొందరు గోడ వైపు చూసేవాళ్లు. అయినా విడిచిపెట్టలేదు. సారు అడగని ఆ పిల్లలెవరో నాకు తెలియదు. వాళ్ల వంతు కూడా అడుగుతున్నాననే అనుకునేదాన్ని.