మా అత్తను ముట్టిన పురుగు

మొన్న పొద్దున ప్రొద్దుటూరులో మా స్నానాలగది గోడమీద అరచేతంత సాలీడొకటి కాళ్లు బారజాపుకుని, పొట్టకింద తెల్లటి గుండ్రటి బిళ్ళనొకదాన్ని అదుముకుని కూర్చొనుంటే, మా కోడలు కెవ్వున అరిచి, అంతలోనే తేరుకుని ఫోనుతో ఫోటో తీసింది. రెప్పపాటులో ఆ ఫోను దాని ఊరూ పేరూ వంశమూ అన్నీ అప్పజెప్పేసింది. పేరు వేటగాడట, చూస్తే అదేమో ఆడదట, ఆ బిళ్ళ దాని గుడ్లసంచట, మనుషుల జోలికి రాదట. కోడలు నిమ్మళంగా దాన్ని చీపురుతో కిటికీ బయటికి సాగనంపి కాఫీ పెట్టడానికి పోయింది. నేను మాత్రం తువ్వాలు భుజాన వేసుకుని అక్కడే నిలబడిపోయాను. బిళ్ళ మోసే సాలీడును నా బతుకులో అంతకుముందు ఒక్కసారే చూశాను, ఆవేళ దాన్ని పోల్చుకోవడానికి మా వీధి వీధంతా కదిలొచ్చింది.

అప్పుడు మేం జమ్మలమడుగులో ఉండేవాళ్లం. మా జేజినాయనకు, అంటే నాన్న తండ్రికి, బట్టలంగడి ఉండేది. అంగట్లో ఎంత నవ్వుతూ గుడ్డ చింపి ఇచ్చేవాడో, ఇంట్లో అంత బిగుసుకుని ఉండేవాడు. మా అత్త, నాన్నకు చెల్లెలు, పదోతరగతి మంచి మార్కులతో గట్టెక్కి, ప్రొద్దుటూరు హాస్టల్లో ఉండి కాలేజీలో చదువుతానంది. అంగడోళ్ల ఇంట్లో ఆడపిల్లకు కూడికలు వస్తే చాలన్నాడాయన. అత్త ఏడ్చింది, అలిగింది, అన్నం మానేసింది. ఊహూ, ఆయన ససేమిరా అన్నాడు. చేరడానికి గడువేమో దగ్గరికొచ్చేసింది. రోజూ నాకు జడలు వేసేది అత్తే కాబట్టి, ఆ రోజుల్లో ఆమె కోపమంతా నా జుట్టుకే తెలుసు.

మన తరంవాళ్లకు చెప్పనక్కర్లేదు, దీపాలు పెట్టాక ఇళ్లల్లో పాము పేరెత్తేవాళ్లు కాదు. పురుగు అనేవాళ్లు. పాము కరిచిందనడానికి కూడా పురుగు ముట్టిందనే. అట్లాంటి ఇంట్లో, ఒక సాయంత్రం దీపం పెట్టిన కాసేపటికి, నీళ్లపొయ్యిలోకి కట్టెలు తెస్తానని పెరట్లో కొట్టంలోకి పోయిన అత్త, "అమ్మా, పురుగు ముట్టిందే!" అని ఒక్క కేక పెట్టింది. పరుగెత్తి చూస్తే ముంజేతి మీద రెండు ఎర్రటి చుక్కలు. ఎంత పురుగే అని మా జేజి, అంటే నాన్నమ్మ, అడిగితే, శానా పెద్దదంది.

ఇంకేముంది, నాన్న ఆమె చేతికి తువ్వాలు బిగించి కట్టాడు, ఎదురింటి మామ ప్రొద్దుటూరు పెద్దాస్పత్రికి పోవడానికి జీపు కోసం ఉరికాడు, పక్కింటి అవ్వ పిడికెడు వేపాకు దూసుకొచ్చి నమలమంది. చేదనిపిస్తే భయం లేదు, తియ్యగా ఉంటే విషం ఎక్కినట్టే అని అప్పటివాళ్ల నమ్మకం. నేను తలుపు పట్టుకుని, దేవుడా చేదు అనాల, చేదు అనాల అని మొక్కుకుంటున్నాను. అత్త ఆ ఆకంతా నోట్లో కుక్కుకుని, కళ్లు గట్టిగా మూసుకుని, నమిలి నమిలి మింగి, "తియ్యగుండాయి" అంది.

ఇల్లంతా గొల్లుమంది. ఎన్నడూ కంటతడి పెట్టని జేజినాయన నేలమీద కూలబడి ఆమె తల ఒళ్లోకి తీసుకుని, "నువ్వు బతికితే సాలు తల్లీ, ప్రొద్దుటూరు గాదు, యాడికి పోతానంటే ఆడికి పంపిస్తా, ఎంతన్నా సదువుకో" అని, వాకిట్లో చేరిన జనమంతా వింటుండగా బావురుమన్నాడు.

ఈలోగా లాంతర్లూ కర్రలూ పట్టుకుని కొట్టంలోకి పోయిన మగవాళ్లు ఒక్కో కట్టే తిరగేశారు. పాము లేదు. గోడమీద మాత్రం ఇంత సాలీడు, పొట్టకింద తెల్లటి బిళ్ళతో. చిన్నప్పుడు వేలు తెగితే గోడమీది సాలీడు బిళ్ళ ఊడబీకి అతికించుకున్నవాళ్లే అందరూ, కానీ బిళ్ళను చంకనేసుకుని తిరిగే సాలీడును చూసినవాళ్లు ఒక్కరూ లేరు. అది విషపు సంచి అన్నారొకరు, కొట్టేయమన్నారింకొకరు. అప్పుడు మా జేజి వాళ్లను తోసుకుంటూ వచ్చి లాంతరు ఎత్తి చూసి, "రూపాయి బిళ్ళ మోసుకోని లచ్చిందేవి ఇంటికొస్తే కర్రలెత్తుతారా!" అని అందరిచేతా కర్రలు పడేయించి, దానిమీద ఇంత పసుపు కుంకుమ చల్లింది. పాపం, ఆ సాలీడు హడలి చూరులోకి పారిపోయింది. అత్త చేతిమీది చుక్కలు కంపకట్టెల ముళ్లు గుచ్చుకున్నవని అప్పుడు తేలింది.

జేజినాయన కళ్లు తుడుచుకుని, గొంతు సవరించుకుని, సాలెపురుగుకేనా ఇంత రచ్చ అని మొదలుపెట్టాడు. మాట వెనక్కి తీసుకోబోతున్నాడని నాకే అర్థమైంది. జేజికి అర్థం కాదూ! "లచ్చిందేవి ఇంట్లో ఉండంగా ఇచ్చిన మాట తప్పితే, రేపు ఏ మొగం పెట్టుకోని అంగడి తీస్తారు?" అంది. ఆయన పంచె దులుపుకుని లేచి లోపలికి పోయాడు. ఆ వారంలోనే అత్త ట్రంకుపెట్టెతో ప్రొద్దుటూరు బస్సెక్కింది. ఆమె నాకు వేసిపోయిన జడలు నేను మూడురోజులు విప్పనివ్వలేదు.

అత్త పులివెందులలో ఎన్నో ఏళ్లు పిల్లలకు పాఠాలు చెప్పి, రిటైరై, అక్కడే ఉంది. మొన్న ఆమెకు ఫోను చేసి, మన రూపాయి పురుగు పేరు తెలిసిందత్తా అని చెప్పి, ఇన్నాళ్లూ నోటిదాకా వచ్చి ఆగిపోయిన మాట అడిగేశాను, అది సాలీడని నీకు అప్పుడే తెలుసా అని. ఆమె పకపకా నవ్వి, "ఎనిమిది కాళ్లు నాకు కనపడలేదా యేందమ్మే? సాలె అనేది మింగేసి పురుగు అనేది బయటికన్నా. దాంట్లో అబద్ధమేముండాది?" అంది. మరి వేపాకో అన్నాను. "ఆ ఊసెత్తొద్దు. ఇప్పటికీ ఉగాదిపచ్చడి నోట పెట్టను" అంది.

ఇప్పుడు ఏ పురుగు కనబడినా ఫోను ఎత్తితే పేరు చెప్పేస్తుంది, ఎవరూ హడలిపోనక్కర్లేదు, మంచిదే. కాలేజీకి పోవడానికి మా మనవరాలు వేపాకు నమలక్కర్లేదు, అది మరీ మంచిది. కానీ ఆ సాయంత్రం మా పెరట్లో ఎవరి చేతిలోనైనా ఇట్లాంటి ఫోనే ఉండుంటే, రెప్పపాటులో అది వట్టి సాలెపురుగని తేలిపోయేది, మా అత్త ఆ కట్టెలు ఎత్తుకుని మళ్లీ పొయ్యి దగ్గరికే పోయేది.