పెద్ద విమానం వెనక గాలి, నా ఎడమ పాదం

నా ఒంట్లో ఏదో తేడా వచ్చిందని మొదట తెలిసింది యాదగిరిగుట్ట మీద, ఎండాకాలం మిట్టమధ్యాహ్నం. ప్రదక్షిణ చేసేవాళ్ళంతా బండల మీద కాళ్ళు నిలవక గెంతుతున్నారు. నేను మాత్రం తాపీగా నడుస్తున్నాను. మా అవ్వ, అంటే మా నాయినను కన్నతల్లి, నన్ను చూసి చేతులు జోడించింది.

“సూసిండ్రా, నర్సిమ్మసామి నా మనుమని కాళ్ళ కింద నీళ్ళు సల్లిండు. గందుకే సుర్రుమంటలేదు” అని పక్కవాళ్ళకు చెప్పింది.

కుడికాలి మంట పళ్ళబిగువున ఓర్చుకుంటున్నాను. ఎడమకాలికి అసలు మంటే లేదు. ఇంటికి వచ్చి చూసుకుంటే ఎడమ అరికాలి నిండా బొబ్బలు. వేలితో నొక్కాను, గిల్లాను. పరాయివాడి కాలును గిల్లినట్టుంది. భయం కూడా వేయలేదు. గుడ్డ చుట్టుకొని, రాయి తగిలిందని ఇంట్లో చెప్పాను.

అబద్ధం ఎందుకంటే, అప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు. అరవయ్యవ దశకం నడుస్తోంది. భువనగిరి పక్కపల్లెలో గొర్లు కాసే ఇంట్లో పుట్టి, హైదరాబాదులో విమానం నడపడం నేర్చుకుంటున్నాను. లైసెన్సు రావాలంటే నెల రోజుల్లో మెడికల్ బోర్డు ముందు నిలబడాలి. విమానాన్ని పక్కలకు తిప్పడానికి కాళ్ళ దగ్గర రెండు పెడల్స్ ఉంటాయి. కాలు మొద్దుబారినవాణ్ణి వాటి మీద కాలు పెట్టనివ్వరు. మా వంశంలో గొర్రెల వెనక కాక వేరే దారి పట్టిన మొదటివాణ్ణి నేను. ఆ దారి మూసుకుపోతే బతికేం లాభం అనుకునే వయసు.

గుట్టకు పోవడానికి పది రోజుల ముందు ఒక ప్రమాదం నుంచి బయటపడ్డాను. ఆ రోజు ఒంటరిగా చిన్న శిక్షణ విమానంలో భువనగిరి గుట్ట దాకా పోయి తిరిగి వస్తున్నాను. నా ముందు ఒక పెద్ద ప్రయాణికుల విమానం దిగింది. నేనూ దిగవచ్చని కింద నుంచి పచ్చదీపం చూపారు. ఎంత ఎడం ఉంచాలో చూసుకోవలసింది నేనే. పెద్ద విమానం వెనక రేగేది దాని ఇంజన్ల పంకాల గాలేనని, నిమిషంలో చల్లారుతుందని మా ఇన్‌స్ట్రక్టర్ చెప్పాడు. అప్పట్లో అందరూ అదే చెప్పేవారు. నేను నిమిషం పైనే ఆగాను.

కింద గాలి చూపే గుడ్డసంచి కదలకుండా వేలాడుతోంది. మా నాయిన మందను నిలిపిన ప్రతిచోటా చిటికెడు దుమ్ము పైనుంచి వదిలి చూసేవాడు. నిలువుగా పడితే గాలి లేనట్టు. పొయ్యి వెలిగించుకోవచ్చు, నిప్పు గడ్డికి అంటుకుంటుందనే ఫికర్ లేదు. ఆ చదువే నా బుర్రలో ఉంది. గాలి లేదు కాబట్టి ఫికర్ లేదు. పైగా ఆ పెద్ద విమానం దిగిన దారి కంటే కిందుగా వచ్చాను.

నేల ఇంకా రెండు వందల అడుగులు ఉందనగా ఎడమ రెక్క కిందికి పోయింది. రెక్కలను వంచే కర్రను పూర్తిగా కుడికి తోశాను, కుడి పెడల్ అదిమాను. విమానం మాట వినలేదు. కింద ఉండవలసిన నేల పక్కకు వచ్చి నిలబడింది. తర్వాత ఆ పట్టు దానంతటదే వదిలింది. రెక్కలు సమంగా వచ్చాయి గాని ఎత్తు మిగల్లేదు. విమానం నేలకు కొట్టుకుని చక్రాలు విరిగాయి. నేను నడిచే బయటికి వచ్చాను.

నడుము పట్టేసింది, అంతే. ఎక్స్‌రే తీయించుకొమ్మన్నారు. ఆ కాగితం బోర్డు దాకా పోతుందని తీయించుకోకుండా ఊరికి వచ్చేశాను. బతికి బయటపడ్డానని అవ్వ మొక్కు తీర్చడానికి యాదగిరిగుట్టకు తీసుకుపోయింది.

బొబ్బలు మానాయి. మొద్దు మాత్రం పిక్క దాకా పాకింది. గుట్టకు పోయి వచ్చిన మూడో వారం భువనగిరిలో బస్సు ఎక్కబోతే మోకాలు మడతపడి కింద పడ్డాను. పొద్దుటి నుంచి మూత్రం రాలేదని అప్పుడు గుర్తొచ్చింది. పొట్ట రాయిలా ఉంది, నొప్పి లేదు. ఇక దాచలేక నాయినకు అంతా చెప్పాను.

“గిన్ని దినాలు నోరెట్ల మూసుకున్నవ్‌రా?” అన్నాడు. నన్ను వీపున వేసుకొని హైదరాబాదు బస్సు ఎక్కించాడు.

హైదరాబాదు దవాఖానలో డాక్టరు సుత్తి లాంటి దానితో మోకాళ్ళు కొట్టి, కాళ్ళు ఎగురుతాయా లేదా అని రిఫ్లెక్స్ చూశాడు. “ఎప్పటి సంది మొద్దువారింది?” అని అడిగాడు.

“నిన్నటి సంది” అన్నాను.

ఆయన నా అరికాలు తిప్పి చూశాడు. “గీ కాలిన మచ్చలు నిన్నటియేనా? నువ్వు చెప్పే తారీఖును బట్టే నేను ఆపరేషన్ సంగతి ఆలోచించాలె. సరిగ్గ చెప్పు.” అప్పుడు చెప్పాను.

ఎక్స్‌రేలో ఫస్ట్ లంబార్ కంప్రెషన్ ఫ్రాక్చర్, అంటే నడుము దగ్గరి వెన్నుపూస అణిగి విరిగిందని తేలింది. తర్వాత మైలోగ్రామ్. వెన్నులోకి సూదితో మందు ఎక్కించి బల్లను అటూ ఇటూ వంచి ఫొటోలు తీశారు. “ఎముక ముక్క నరాలను నొక్కుతున్నది. వెన్నుపూస వెనక ఎముక తీసే ఆపరేషన్, లామినెక్టమీ, చేస్తం. ఎంత తిరిగొస్తదో ఇప్పుడే చెప్పలేను” అన్నాడు డాక్టరు. ఎవరి గురించో చెబుతున్నట్టు విన్నాను.

ఆపరేషన్ తర్వాత మూత్రానికి గొట్టం, కాథెటర్, వేశారు. జ్వరం వచ్చింది, తగ్గింది, మళ్ళీ వచ్చింది. కారణం ఎవరికీ అంతుపట్టలేదు. నాయిన ఒకరోజు మంచం దగ్గర ముక్కు ఎగబీల్చి, దుప్పటి లాగి నన్ను పక్కకు దొర్లించాడు. పిరుదు పక్కన రూపాయి బిళ్ళంత పుండు, బెడ్‌సోర్. నాకు తెలియనే లేదు.

“గొర్రెకు పుండు వడితె అది జెప్తదా? వాసనే జెప్తది” అన్నాడు నాయిన. ఆ రోజు నుంచి రెండు గంటలకొకసారి నన్ను దొర్లించడం ఆయన పని. నర్సులు తప్పుకొమ్మన్నా తప్పుకోలేదు. నాకు సిగ్గేసింది. ఇన్నాళ్ళలో నాకు కలిగిన మొదటి బాధ అదే.

ఇన్‌స్ట్రక్టర్ చూడటానికి వచ్చాడు. కొత్త సమాచారం తెప్పించుకొని చదివానని స్టూల్ మీద కూర్చున్నాడు.

“అది పంకాల గాలి కాదు తమ్మీ. రెక్క కింది గాలి కొసల దగ్గర మీదికి పొర్లి రెండు సుడులైతయి. విమానం ఎంత బరువుంటె, ఎంత మెల్లగ పోతె అంత జోరు. అవి మెల్లమెల్లగ కిందికి దిగుతయి. గాలి ఉంటె జల్ది చెదురుతయి. గాలి లేకుంటె గాడనే ఉంటయి.”

“మరి ఎట్ల తప్పించుకోవాలె సార్?”

“దిగేటప్పుడు పెద్దదాని దారికి మీదనే ఉండాలె, దాని చక్రాలు తాకిన జాగా దాటినంక దిగాలె. లేసేటప్పుడు అది లేసిన జాగాకు ముందుగాల్నే లేసి, దాని దారి నుంచి పక్కకు తప్పుకోవాలె. రెండూ కుదరకుంటె ఆగాలె, నిమిషాలకు నిమిషాలు.” టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. “నిమిషం చాలని నేర్పింది నేనే. తప్పు నాది గూడ.”

ఆయన మీద కోపం తెచ్చుకోవాలని చూశాను. రాలేదు.

నాలుగు నెలలు ఛాతీ నుంచి నడుము దాకా బిగించిన ప్లాస్టర్ జాకెట్‌లో ఉన్నాను. మూత్రం పట్టు తిరిగి వచ్చింది. మోకాళ్ళకు బలం వచ్చింది, కర్ర పట్టి నడిచాను, తర్వాత కర్ర వదిలాను. ఎడమ చీలమండ కింద మాత్రం ఏమీ తెలియలేదు. మొదటి రోజే వచ్చి ఉంటే బాగయ్యేదా అని డాక్టరును అడిగాను. “అయితుండె కావచ్చు. గ్యారంటీ ఇయ్యను” అన్నాడు. ఆ ‘కావచ్చు’ ఇప్పటికీ నన్ను తింటుంది.

ఏడాది తర్వాత మెడికల్ బోర్డుకు వెళ్ళాను. కుంటు లేకుండా నడిచి చూపించాను. కళ్ళు మూసుకొమ్మని, గుండుసూదితో గుచ్చినప్పుడల్లా చెప్పమన్నారు. కుడికాలు అయింది. ఎడమకాలి దగ్గర డాక్టరు వంగిన ప్రతిసారీ ఆయన కుర్చీ కిర్రుమంటోంది. కిర్రుమన్నప్పుడల్లా “ఆ” అంటే చాలు, లైసెన్సు నాదే. రెండుసార్లు అన్నాను కూడా. మూడోసారి నోరు రాలేదు. రేపు నన్ను నమ్మి నా వెనక సీట్లో ఒక మనిషి కూర్చుంటాడు.

“సార్, నాకు తెలుస్తలేదు. మీ కుర్చీ సప్పుడు విని చెప్తున్న” అన్నాను.

ఆయన సూది పక్కన పెట్టి చాలాసేపు రాశాడు. ఏడుపు వస్తుందనుకున్నాను, రాలేదు. బయట బెంచీ మీద నాయిన ఉన్నాడు.

“పోయిందా?”

“పోయింది.”

నాయిన వంగి, నా ఎడమకాలి నుంచి జారిన చెప్పును తొడిగాడు. అది జారిందని నాకు తెలియదు. అప్పుడు ఏడ్చాను.

ఇప్పుడు నేలమీదే ఉండి, విమానం నేర్చుకునేవాళ్ళకు పాఠాలు చెబుతున్నాను. గాలి కదలని పూట పెద్ద విమానం వెనక వాళ్ళను ఎక్కువసేపు ఆపుతాను. విసుక్కుంటారు, విసుక్కోనిస్తాను. రోజూ పడుకునే ముందు అద్దంలో అరికాలు చూసుకుంటాను.

ఇది చదివేవారికి ఒక్క మాట. ఒంట్లో ఎక్కడైనా మొద్దుబారితే, నొప్పి లేదు కదా అని ఊరుకోకండి, ఆ రోజే దవాఖానకు పొండి. డాక్టరు సూదితో గుచ్చి అడిగితే ఊహించి చెప్పకండి. తెలియకపోతే, తెలియడం లేదనే చెప్పండి.