సీసా మెల్లగా పడాలి

నాకు ఓపిక తక్కువ. బస్సు కాస్త ఆలస్యమైతేనే బస్టాండంతా కలియతిరుగుతాను. అలాంటిదాన్ని, అన్న బతుకుతాడో లేదో తెలియకుండా సిద్దిపేట దవాఖానలో ఒక పగలంతా గడపాల్సి వచ్చింది.

దుబ్బాక దాటాక అన్న బండి జారి, రోడ్డు పక్కన ఆపిన ట్రాక్టర్ ట్రాలీకి గుద్దుకుంది. తొడ ఎముక విరిగి, కండ చీలి, రక్తం ఆగడం లేదు. ఊరి ఆరెంపీ డాక్టరు కట్టు కట్టి సెలైన్ పెట్టాడు. దారి పొడవునా ఆటోలో చిన్నాయన ఆ సీసాను చెయ్యెత్తి పట్టుకునే ఉన్నాడు. ఒక్కసారీ దించలేదు, నా చేతికివ్వలేదు.

మావైపు దవాఖానకు చూడవచ్చినవాళ్లు ముందు రోగి ముఖం చూడరు, స్టాండుకు వేలాడే సీసా చూస్తారు. అది జోరుగా పడుతుంటేనే వాళ్లకు ధైర్యం. కాస్త నీరసమొచ్చినా మేమే అడిగి మరీ ఎక్కించుకుంటాం.

ఇక్కడేమో డాక్టరమ్మ వచ్చీ రాగానే పైపు మీది చిన్న చక్రం తిప్పి ధార తగ్గించేసింది. రక్తం తెప్పించమని నర్సుకు పురమాయించింది. నాకు ఒళ్లు మండింది.

"గింత రక్తం పోయింది, సెలైనన్న జోరుగ ఎక్కియ్యకుంటే ఎట్ల మేడం?"

"పోయింది రక్తమమ్మా, నీళ్లు కాదు. రక్తంల గడ్డ కట్టించే సరుకుంటది, సెలైన్ల అది లేదు. నీళ్లు పోసుకుంట పోతే ఉన్న సరుకు పలుచనైతది, రక్తం ఆగది. బీపీ బాగ లేస్తే ఇప్పుడిప్పుడే కట్టిన గడ్డ గూడ కొట్టుకపోతది. రక్తం, ప్లాస్మా వచ్చేదాక గింతే చాలు," అని ఆమె పక్క మంచం దగ్గరికి వెళ్లింది.

కూర్చోవడం నావల్ల కాలేదు. బ్లడ్ బ్యాంకుకూ వార్డుకూ మధ్య తిరుగుతూనే ఉన్నాను. చెప్పుల చప్పుడుకు ఎవరో కసిరితే, వాటిని చేత పట్టుకుని తిరిగాను. ఒకసారి వచ్చి చూసేసరికి, ఆరుతున్న కట్టు మళ్లీ ఎర్రగా తడిసి ఉంది. అన్న పెదవులు పాలిపోయాయి. తలెత్తి చూస్తే సీసా ఖాళీ.

"నేనే జెర తిప్పిన బిడ్డా," అన్నాడు చిన్నాయన. "సుక్క సుక్క పడుతుంటే పానం ఒప్పలే."

"నీకేమన్న సోయి ఉన్నదా? మా అన్నను సంపుదామనుకున్నవా?" వార్డంతా వినేలా అరిచాను. నర్సు పరుగున వచ్చి కట్టు మీద గట్టిగా అదిమింది. డాక్టరమ్మ నాకు చెప్పిందే చిన్నాయనకూ చెప్పింది, ఈసారి కోపంగా.

ఆయన గోడకు ఆనుకుని కూలబడ్డాడు. "గంజిల నీళ్లెక్కువైతే పోగు తెగుతదని నాకు ఎరుక లేదా..." అని గొణుక్కున్నాడు. మా నేతగాళ్ల వాడలో మగ్గమెక్కించే పడుగుకు పట్టించే గంజి చిక్కగా ఉందో లేదో వేలితో చూసి చెప్పేది ఆయనే. అయినా ఆ క్షణాన నాకు జాలి కలగలేదు. ఆయన ముఖం చూడబుద్ధి కాలేదు.

రక్తం వచ్చింది, వెంట ప్లాస్మా వచ్చింది. బదులుగా ఎవరైనా రక్తం ఇవ్వాలంటే చిన్నాయన లేచి వెళ్లాడు. నేను మాత్రం కట్టు అంచున ఎర్రటి మరక పెరుగుతోందేమోనని దాన్నే చూస్తూ నిలబడ్డాను. పొద్దు వాలేవేళకు మరక పెరగడం ఆగింది. అన్నను ఆపరేషన్‌కు తీసుకెళ్లారు.

మర్నాడు నారాయణరావుపేట నుంచి మేనత్త వచ్చింది. అన్న కళ్లు తెరిచి చూస్తున్నా, ఆమె చూపు ముందు సీసా మీదికే పోయింది.

"గింత మెల్లగ పడుతుందేంది?" అంటూ చక్రం మీదికి చెయ్యి చాచింది.

అంతకుముందే చిన్నాయన చెయ్యి దాన్ని కప్పేసింది. మోచేతి మడతలో దూది, ప్లాస్టరు ఇంకా అలాగే ఉన్నాయి. పొద్దుటి నుంచీ ఆయన ఆ స్టాండు పక్కనుంచి కదలలేదని అప్పుడు గమనించాను.

"ముట్టకు అక్కా," అన్నాడు. "మెల్లగనే పడాలె."

నాకు ఏడుపొచ్చింది. స్టూలు లాగి ఆయన వెనక పెట్టాను. కూర్చున్నాడు కానీ, చక్రం మీది చెయ్యి తీయలేదు.